బతాకా అంచు

రాత్రి పదిన్నరకి షట్టర్ సగం దించినాక
షువైఖ్‌లో మా గరాజ్ ముందర తెల్లబండి ఒకటి ఆగింది,
లైట్లు ఆర్పుకొని.

బండి తోలేది రాజోలు గంగులు.
పక్కన దిగినోడు దస్తగిరి, మా రాయచోటోడే,
దీవానియాల్లో మొకెట్ పరిచేవాడు.
మాట్లాడలేదు. బానెట్ పక్క గడ్డం చూపిచ్చినాడు.

పసుప్పచ్చ జిగురు.
డబ్బా బండి మీద పెట్టినాడంట, ఒక్క నిమిషం.
ఆగస్టు నెల ఒక్క నిమిషం!
సంగటి కుండ పొంగినట్టు పొంగి
దీపం దాకా జారి, ఆడనే గడ్డకట్టింది.

"థిన్నర్ కొట్టెయ్యన్నా,
ఫజర్‌కి బాబా బండెక్కుతాడు" అన్నాడు గంగులు.
థిన్నర్ కొడితే జిగురు పోతాది,
జిగురెంట రంగు పోతాది,
రంగెంట వీని మూడు నెలల జీతం పోతాది.
కూచోండి.

ముందు డోరు కింద, ఎవరూ వంగి చూడని చోట
చుక్కేసి చూసినా.
ఇది నేర్పింది గుల్‌జమాన్ ఉస్తాదు,
వచ్చిన కొత్తలో నేనొక నల్లబండి చర్మం ఒలిచినప్పుడు,
చెంప మీద.

తర్వాత వంటనూనె. పొయ్యి పక్కనుండే సీసానే.
మరక మీద పోసి, గుడ్డ కప్పి,
రెండు టీలు తాగినాము.
లోహం ఇంకా ఎండని మరిచిపోలేదు,
చెయ్యి పెడితే పెనం.
అదీ మంచిదేలే, హీటర్ కరెంటు మిగిలింది.

ఇనుము ముట్టుకోకూడదు.
పర్సులోంచి గడువు తీరిన బతాకా తీసినా.
పదమూడేండ్ల కిందటి నా మొగం దాంట్లో,
మీసం నల్లగా, కళ్లు బెదురుగా.
మొగం పక్క పట్టుకొని
అంచుతో మెల్లగా తోసినా.
లేసింది. మీగడ మాదిరి, చుట్ట చుట్టుకొని.

నడిమధ్యకి వచ్చేసరికి చెయ్యి ఆగింది.
జిగురులో ఒక బొటనవేలి ముద్ర.
తుడవబోయి భయపడి వదిలేసిన వేలు.
గీత గీతా తెలుస్తాండాది,
వాన వెలిసినాక మడికట్టు మీద చాళ్ల లెక్క.

దస్తగిరి వంగి చూసినాడు,
మొదటిసారి నోరు తెరిచినాడు.
"పోయిన నెల ముద్రలకి పోతే
మిషను నాలుగుసార్లు కాదనిందన్నా.
జిగురు తిని తిని నా వేళ్లు నున్నగైనాయి.
నిమ్మకాయతో రుద్దుకొని రమ్మన్నారు.
నేను నేనేనని ఎట్ల చెప్పాలో తెలీక
సంతకం చేస్తానంటే నవ్వినారు."

కాసేపటికి,
"దాన్ని చివర్న తీద్దువులే."

చుట్టూ అంతా తీసేసినా.
తెల్లటి బానెట్ మీద పసుపు బిళ్ల ఒక్కటే మిగిలింది.
వాడు ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాడు,
కొంచెం పక్కకి జరిగి, నీడ పడకుండా, ఇంకోటి.
"ఇంక తియ్యి" అన్నాడు.
తీసినా.

షాంపూ నీళ్లు. బంకమట్టి ముద్ద. పాలిష్.
మూడింటికి నిలబడి చూస్తే
జిగురు లేదు, మరక లేదు,
మరక లేని చోటే పట్టిస్తాండాది:
ఆరేండ్ల దుమ్ము వదిలి
అరచెయ్యంత జాగా
మిగతా బండిని ఎక్కిరిస్తాండాది.

ఏం చేస్తాం? ముగ్గురం మూడు గుడ్డలు పట్టినాము.
బానెట్ అయ్యేసరికి బంపర్ మాసినట్టు కనపడింది,
బంపర్ అయ్యేసరికి డోర్లు.
టాపు మొదలుపెట్టకముందే బాంగు వినపడింది.
గంగులు తడిబండినే ఎత్తుకొని పోయినాడు.

పగలు ఫోన్ చేసినాడు.
బాబా బండి చుట్టూ తిరిగి చూసినాడంట.
జిగురు మాట కాదు,
టాపు ఎందుకు కడగలేదని కోపమంట.

శుక్రవారం దస్తగిరి వచ్చినాడు.
డబ్బుల్లేవు. చంకలో ఎర్ర మొకెట్ ముక్క,
ఏ దీవానియాలోనో మిగిలింది.
నా మంచం పక్కన పరిచినాడు.
జిగురు డబ్బా మూత తియ్యబోతే
వద్దన్నా.

అప్పటినించి దాని మూల ఒకటి
పైకి లేస్తానే ఉంటాది.
పొద్దున లేస్తానే
ముందు దాని మీద కాలు పెడతా.