ఒంటబట్టడం

ఫారంలో మూడు గళ్లున్నాయి.
విద్య. దేహచలన శాస్త్రం. ఆరోగ్యం.
ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి, సాయంత్రం ఐదులోపు.
గడువు పెట్టింది నేను కాదు.
పద్దెనిమిదేళ్లుగా దాన్ని చెప్పే నోరు మాత్రం నాదే.

కోరల్ లఫొండ్ తడిజుట్టుతో వచ్చింది.
బయట సస్కటూన్‌లో మైనస్ ముప్పై ఒకటి.
ఈతకొలను నుంచి మా మెట్లదాకా నడిచేసరికి
జడ కొస గడ్డకట్టుకుపోయి
కుర్చీ వీపుకు తగిలి టక్కుమంది.

"విద్య అయితే నాలుగేళ్లు, ఆఖరి ఏడు ఏదో ఒక బళ్లో.
చలనశాస్త్రంలో శవాల గది ఉంటుంది,
ఆ వాసన స్వెట్టర్‌ను పట్టుకుని ఇంటిదాకా వస్తుంది.
ఆరోగ్యమంటే ఎక్కువగా లెక్కలు:
ఏ ఊళ్లో ఎవరు ఎన్నేళ్లు ముందే పోతున్నారో."
కరపత్రంలో ఇలా రాయలేదు.
కరపత్రంలో అందరూ నవ్వుతుంటారు,
అందరికీ పళ్లు బావుంటాయి.

అంతా విని అడిగింది:
"మరి ఒరెస్ట్ ఏ గడిలోకొస్తాడు?"

ఒరెస్ట్ వసిలిషిన్. డెబ్బై ఆరు. గోధుమ రైతు.
మొన్న కోతల్లో పక్షవాతం
కుడివైపంతా కోసుకుపోయింది.
మంగళవారం, గురువారం
ఛాతీలోతు నీళ్లలో ఆమె నడుం పట్టుకుంటే నడుస్తాడు.
గట్టుమీద మొద్దులా ఉండే కాలికి
నీళ్లలో ఏదో జ్ఞాపకమొస్తుంది.
మోకాలితోనే మాట్లాడుతుంది ఆమె:
మడువు. ఆగు. ఇప్పుడు బరువు దించు.

ఇంగ్లీషు అంకెలన్నీ ఎగిరిపోయాయి ఆయనకి.
చిన్నప్పుడు వాళ్లమ్మ లెక్కపెట్టినవే మిగిలాయి:
ఒదిన్, ద్వా, త్రి.
అవి నేర్చుకుంది కోరల్.
బదులుగా తన నోహ్‌కొమ్, అంటే అమ్మమ్మ,
క్రీ భాషలో లెక్కపెట్టేవి నేర్పింది:
పేయక్, నీసో, నిస్తో.
ఇప్పుడిద్దరూ రెండూ కలిపేసి
ఏ దేశంలోనూ చెల్లని ఎక్కాలతో
కొలను ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు పోతుంటారు.

"మంగళవారం పదకొండు అడుగులు వేశాడు.
పన్నెండోది నేను లాగాను,
దాన్ని కలపకండి."

నేను ఫారం వైపు చూశాను.
కలపడానికి అందులో చోటే లేదు.

నేనూ ఒకప్పుడు వ్యాయామం టీచర్నే.
పరుగు మధ్యలో ఓ పిల్లాడు మొహం నేలకేసి పడితే
ఏం చేయాలో తోచక విజిల్ ఊదాను.
వాడికేం కాలేదు, లేచి మట్టి దులుపుకున్నాడు.
ఆ విజిల్ ఇంకా నా సొరుగులో ఉంది,
గుండుసూదుల పక్కన.
ఈ సంగతి కోరల్‌కు చెప్పలేదు.
సలహా ఇవ్వడానికే నాకు జీతం.

చదువు ఒంటబట్టాలంటారు అందరూ.
ఒంట్లో ఎక్కడ? అని ఎవరూ అడగరు.
ఈ పిల్లనడిగితే వేలుపెట్టి చూపిస్తుంది:
ఇదిగో, మోకాలిచిప్పకు రెండు వేళ్ల కింద,
లోపలి వైపు, నొక్కితే ఉలిక్కిపడేచోట.

నాలుగు యాభై రెండు.
జడకొస కరిగి బొట్లు బొట్లుగా తివాచీ మీద.
పెన్సిల్ పనికిరాదా అంది.
పెన్నే అన్నాను.
ఒక గడిలో టిక్కు పెట్టింది. ఏ గడో నేను చెప్పకూడదు,
విద్యార్థుల సంగతులు గోప్యం.
పెట్టిన తీరు మాత్రం చెప్తాను:
ఊపిరి బిగబట్టి, నీళ్లలోకి దూకేవాళ్లలా.

"గురువారం కదా, ఆయన వచ్చేసి ఉంటాడు,"
అని కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా వెళ్లిపోయింది.

ఫారం బీరువాలో పెట్టాలి.
లేచాను. నా ఎడమ మోకాలు కలుక్కుమంది,
దాని బాధ అది ఏ శాఖకూ దరఖాస్తు పెట్టుకోలేదు.
పేయక్, అన్నాను మెల్లగా, తలుపు వేసుందో లేదో చూసుకుని.
నీసో.
నిస్తో.
బీరువా నాలుగో అడుగులో ఉంది.
నాలుగుకు ఏమంటారో అడగడం మర్చిపోయాను.