కూత

శాలువా ఆర్డరు నాకే వచ్చింది.
మిట్టూరు సందులో, మోటారు కాలిపోయిన మిషను
కాలితో తొక్కతా ఉండంగా
కంపెనీ పిల్లోడు వచ్చి కాగితం ఇచ్చినాడు:
మెరూన్ రంగు, జరీ అంచు,
మధ్యలో 'విశ్రాంతి' అని ఎనిమిదంగుళాల అచ్చరాలు.
"ఎవురికప్పా?" అంటే
"చెంగమ్మకి" అన్నాడు, నా మొగం చూడకుండా.

పద్నాలుగో నెంబరు.
ఇరవై రెండేండ్లుగా ఆ నెంబరు కుట్టింది ఈ చేతులే.
ఒకటి కుట్టడం సులువు. నాలుగుకే మూల తిప్పాల.
ఆ మూల కాడే ప్రతిసారీ చినిగేది,
ఎదుటోళ్లు పట్టుకునేది ఆడే.

చెంగమ్మంటే మీకు తెల్దేమో.
నీవా ఏట్లో నీళ్లు పోయినాక
ఇసక చదును చేసి కోర్టు గీసిరి.
పాయింటుకు రెండు ట్యాంకర్లు.
గెలిచిన పేటకు నీళ్లు, ఓడిన పేటకు టీవీలో రీప్లే.
మా పేట బిందెలన్నీ
ఆమె మోకాళ్ల మీద నిలబడినాయి.

ఆ మోకాళ్ల సంగతి నాకు తెలుసు.
కొలత తీసేటప్పుడు టేపు కిందికి దించితే
కుడిది వేడిగా తగిలేది,
ఇప్పుడే దించిన ఇస్త్రీపెట్టె మాదిరి.
నలభై ఒకటి నిండినాయి.
"ఇంగ చాల్లే చెంగా" అని ఒకసారి నేనే అంటిని.
పిన్నులు నోట్లో పెట్టుకోని అంటిని కాబట్టి
ఇనపడలేదని అనుకుందాము.

కంపెనీకి మోకాలి మీద జాలి లేదు, లెక్క మీద భయం.
ఆమె ఆడితే మిట్టూరు తాగతాది,
మిట్టూరు తాగితే అమ్మేదానికి నీళ్లు మిగలవు.
అందుకని పూలు. అందుకని శాలువా.
అందుకని ఏటి నడుమ ఆమె బొమ్మ,
బొమ్మ మోకాళ్లు ఎప్పుడూ నొయ్యవంట.

ఆ పొద్దు నేను మూడో వరసలో ఉండా,
సూది ఇంకా జాకెట్టుకే గుచ్చుకోని.
అధ్యక్షుడు శాలువా కప్పినాడు.
నా కుట్టే, పాపిష్టి కుట్టు, ఒక్క పోగు లేవలే.
మైకు చేతికిచ్చి "రెండు మాటలు" అన్నారు.

ఒకటే మాట.
చెడుగుడు.

ముందు ఎవురికీ అర్థం కాలే. దగ్గనుకున్నారు.
చెడుగుడు చెడుగుడు చెడుగుడు
శాలువాతోనే వొంగింది,
తెల్ల తివాచీ మీద మడమతో గీత గీసింది,
చెంగున
కార్యదర్శి మోకాలు. తాకింది.
పక్క కుర్చీలో ఉంగరాల చెయ్యి. తాకింది.
అధ్యక్షుడు లేచి ఎనక్కి పోతే
కాలు చాపి బూటు కొన తాకింది.
ఇసకలో పెరిగిన పిల్లకాయలు ముందు లేచినారు:
"అవుటు!"
రూలు రూలే కదా. మేము రాసింది కాదు,
వాళ్లు రాసిందీ కాదు.

మైకు కోసేసిరి. గడియారం ఆపేసిరి.
కూత ఆగలే.
గీత దాటి మా పక్క పడింది, మోచేతుల మీద.
లేపేదానికి పోయినోళ్లలో నేనూ ఉండా.
మొగమంతా ఇసక. గుర్తు పట్టలేక
"నీవా?" అంటిని.
ఏటి పేరు నా నోట్లో పడి ఎన్నేండ్లయిందో.

మర్నాడు ట్యాంకరు రాలే.
దాని మర్నాడూ రాలే.
అబద్ధం ఎందుకు, కొందరు ఆమెను తిట్టిరి,
నేనూ ఒక పూట తిడితిని.
గొంతు ఎండితే నోరు ఊరుకోదు.

మూడో రాత్రి తలుపు తట్టింది.
శాలువా మిషన్ మీద పడేసి
"రెండుగా చించి మోకాళ్లకు పట్టీలు కుట్టు" అనింది.
జరీ గుచ్చుకుంటాది అంటిని.
"గుచ్చుకోనీ."

కత్తెర పెడితే
ఒక ముక్కకు 'విశ్రాం' వచ్చింది, ఇంగోదానికి 'తి'.
ఆమె నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది.
"తాగేదానికి ఏమన్నా ఉండాదా?"
బిందె వంచితే అరగ్లాసు.
సగం తాగి, సగం నా పక్కకు జరిపి
గడప మీద కూర్చోని కాలు మడిచి చూసుకుంటా
"కుడిది ముందు కుట్టు" అనింది.