తెడ్డువాడి చోటు

చిలోయె దీవిలో వాన మూడో రోజు.
కట్టెల పొయ్యి పక్కన, తడి కోట్ల వాసనలో
మూడో తరగతి కాగితాలు, ఇరవై ఒకటి.
పక్కనే నా రూబ్రిక్:
నాలుగు గళ్లు, స్కేలు పెట్టి గీసి
మురిసిపోయి చేసుకున్నది.

లెక్క ఇదీ.
ఆవలి దీవికి వెళ్లాలి ఇరవైమూడు మంది.
పడవలో పట్టేది ఆరుగురు. ఎన్నిసార్లు?
నాలుగని రాసి, ఎలాగో చెప్తే నాలుగో గడి.
ఊరికే నాలుగంటే మూడోది.

ఐలెన్ నావెల్కిన్ ఐదు అని రాసింది.
మాటల్లేవు. ఒక పడవ బొమ్మ,
అంచున జిడ్డు వేలిముద్ర,
కొసన టోపీ పెట్టుకున్న నల్లటి చుక్క.

"మొదటి గడే," అన్నాను.
ఒరియెతా టీచర్ కళ్లజోడు పైకి తోసి
"రెండు వెయ్యి, బొమ్మైనా వేసింది పాపం," అంది.
పాపం అనే గడి
నా రూబ్రిక్‌లో లేదు.

సోమవారం పిలిచి అడిగాను, ఈ చుక్క ఎవరని.
నా వంక వింతగా చూసింది.
"మా నాన్న. తెడ్డు వేసేవాడు లేకుండా
పడవెలా పోతుంది టీచర్?"

ఆరులోంచి ఒకటి తీసేశాను.
ఇరవైమూడుని ఐదుతో మళ్లీ భాగించాను.
తొమ్మిదేళ్లుగా ఇదే లెక్క ఇస్తున్నాను.
తొమ్మిదేళ్లుగా తెడ్డువాడు
ఒడ్డునే నిలబడి తడుస్తున్నాడు.

ఐలెన్ కాగితం మీద ఇంకా అంకె వెయ్యలేదు.
రూబ్రిక్ వెనకవైపు, పెన్సిల్‌తో,
చెరుపుకునే వీలుగా రాసుకున్నాను:
పిల్ల చూసి, నేను చూడనిదేమిటి?

పొయ్యిలోకి ఇంకో కట్టె తోసి
మిగతా ఇరవై కాగితాలూ
మళ్లీ మొదటినుంచి.