సరిగా తోమని సీసా

సూర్యలంకలో నింపిన రెండు క్యాన్లు
బాపట్ల ప్యాసింజర్లో నా కాళ్ల మధ్య.
"ఏంటది, సారానా?" అన్నాడు టీసీ.
"సముద్రమండీ" అన్నాను.
మూత తీసి వాసన చూసి
టిక్కెట్టు కూడా అడక్కుండా పోయాడు.

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో
మేడ మీద మా ల్యాబు.
మిర్చి యార్డు వైపు నించి గాలి తిరిగితే
మైక్రోస్కోపు మీద వాలిన కన్ను కూడా
నీళ్లు పెట్టుకుంటుంది.

ఆ ఉప్పునీళ్లలో
మూతా అడుగూ ఉన్న గాజుపెట్టెల్లో
ఒంటి కణంతో కాపురముండే నాచు.
ఎండ తిని బతుకుతుంది, ఎవరికీ బాకీ లేదు
అనుకునేవాణ్ణి.
మచ్చ లేకుండా పెంచుదామని
నీళ్లు వడగట్టాను, మరగబెట్టాను,
మందులో ముంచి
దాని ఒంటినంటిన బాక్టీరియానంతా చంపాను.
బల్ల మీద ఫ్లాస్కులు
బారసాల వెండిగిన్నెల్లా తళతళ.

తొమ్మిదో రోజుకి పాలిపోయాయి.
వెలుతురుంది, ఉప్పుంది, నత్రజని ఉంది.
ఆకలి దేనికో అంతుబట్టలేదు.

కిటికీ పక్కనున్న పన్నెండోది మాత్రం
తేనె రంగు తిరిగి
అడుగున జిగటజిగటగా
బతికే ఉంది.

"అది ఉడకబెట్టలేదయ్యా" అంది ఖాసింబీ, పైట చెంగు మెలిపెడుతూ.
"మా చిన్నదానికి జొరం ఆ రోజు.
ఊరికే తొలిచి పెట్టేశా.
జీతంలో కోసుకో."

ఒక చుక్క తీసి లెన్సు కింద పెట్టాను.
గాజుపెట్టెల చుట్టూ మూగిన బాక్టీరియా.
నాకు కనిపించింది అంతే.
మిగతాది పుస్తకం చెప్పింది:
ఈ నాచుకి బి-పన్నెండు వండుకోవడం రాదు.
సముద్రంలో అది
చెరువంత నీళ్లకి చిటికెడైనా ఉండదు.
ఆ కాస్తా లేకపోతే
అంత ఎండా దండగ.
వండిపెట్టేది,
నేను మురికి అని పేరు పెట్టినవాళ్లు.
నాచు ఒంట్లోంచి కారే తీపి వాళ్ల కూలి.

సాయంత్రం అరండల్‌పేటలో
అరికాళ్ల తిమ్మిరికి నాలుగో సూది.
కాంపౌండరు సిరంజి పైకెత్తి గాలి తీస్తుంటే
దానిమ్మ రసంలా ఎర్రగా
అదే బి-పన్నెండు.
ఎక్కడో ఏ తొట్టిలోనో
ఏ పేరూ లేని బాక్టీరియా వండిందే.
"చెయ్యి బిగపట్టకండి" అన్నాడు.

జీతం కొయ్యలేదు.
మర్నాడు ఖాసింబీని పిలిచి
ఆ సీసా ఎన్నిసార్లు తొలిచావని అడిగాను.
"ఎవరు లెక్కెట్టారయ్యా?"

ల్యాబు పుస్తకంలో
'పద్ధతి' అన్న గడి
ఇంకా ఖాళీగానే ఉంది.