అక్షరానికి నూట అరవై

అండర్ బ్రిడ్జి దిగంగనే ఎడమ దిక్కు మాది,
స్టీలు అక్షరాలు కోసే దుకాణం.
అక్షరానికి నూట అరవై.
ఫిట్టింగు వేరే, నిచ్చెన కిరాయి వేరే.

పైసలున్నోల్లు ఇంటర్నేషనల్ అని రాయించుకుంటరు.
పదమూడక్షరాలు.
సారంగపాణి సేటు ఆ రోజు చాయ రెండుసార్లు తెప్పిస్తడు.
లేనోల్లు గల్ల ముంగట నిలవడి
వేళ్ల మీద లెక్క పెట్టుకుంటరు,
పేరుల ఎన్ని అక్షరాలు తీసేస్తే
మనిషి ఇంకా మిగులుతడో అని.

వాల్ల కోసమే మూలకు ఒక బియ్యం సంచి.
మూతబడ్డ దుకాన్ల బోర్డులు ఊడబీకినప్పుడు
తిరిగొచ్చినవన్నీ అండ్లనే, సగం ధరకు.
సంచిల చెయ్యి పెట్టి
దొరికినకాడికి ఒక ఇంగ్లీషు మాట కుదిర్చుడు నా పని.
నేను తొమ్మిదిల బడి మానేసిన.
అట్ట చిరిగిన డిక్షనరీల పొడుగు మాటల జోలికి పోలే,
రెండక్షరాలవి, మూడక్షరాలవి
ఏరి నోటుబుక్కుల రాసుకున్న,
బియ్యంల రాళ్లు ఏరినట్టు,
కాకపోతే నేను దాసుకున్నది రాళ్లనే.

నయీంనగర్ల పిజ్జా దుకాణం
ఎనిమిది నెలలకు ఎత్తేసిన్రు.
మరునాడే యాకూబ్ చాచా వచ్చిండు,
ఫుట్‌పాత్ మీద బ్యాగులకు జిప్పులు ఏసెటాయన.
"మూడు దాటితే ఇంట్ల అన్నం పెట్టరు బేటీ."
పీని ఎనకకు జరిపిన, జెడ్డును ముందుకు తెచ్చిన,
నడుమ ఐ ఉన్నకాడనే ఉన్నది.
చాచా నోటితోనే జర్రుమని చప్పుడు జేసి
అంగీ మెడ దాకా గుంజుకున్నట్టు నవ్విండు.

జిరాక్స్ సెంటర్ పోతే రెండు ఎక్సులు.
ఒకటి కరీమాబాద్ సెల్ రిపేరు పోరనికి
ఫిక్స్ అయిపోయింది.
రెండోదాని ముంగట ఓ పెట్టి
దాణా అమ్మే కట్టయ్యకు చూపిచ్చిన.
"ఇదేంది?"
"ఎద్దు. ఓ మూతి, ఎక్సు కొమ్ములు."
"నా దాణా తినేటియన్నీ బర్లే గదా బిడ్డా."
"బర్రెకు ఏడక్షరాలు, ఎఫ్ఫులే రెండు గావాలె."
జెరసేపు ఆలోచన జేసి
ఎద్దునే సంకల పెట్టుకొని పోయిండు.

క్యూ ఒక్కటే మూడేండ్లు కదలలే.
క్వాలిటీ టైలర్ సదాశివు కాలం జేసినంక వచ్చింది.
దాని జోడు యూని బస్సు టికెట్లాయన పట్టుకపోయిండు.
యూ లేకుంటే క్యూ గడప దాటదు ఇంగ్లీషుల.
డిక్షనరీల దానికున్నయే నాలుగు పేజీలు,
నాలుగూ దేవులాడిన.
ఆఖరుకు గోడకు మొల కొట్టి తగిలిస్తే
సేటు దాని తోకకు తాళంచేతులు ఏలాడదీసిండు.

శ్రావణంల
నర్సంపేట దిక్కు సొసైటీ గుమాస్తా వచ్చిండు.
యూరియా లారీ రాంగనే కొట్లాట,
లైను ఏడ మొదలో, ఏడ తోకో తెల్వది.
బోర్డు గావాలె, బోర్డుకు పద్దు లేదు.
"ఒక్క అక్షరం పైసలైతే నా జేబుల్నించి ఇస్త."
ఒక్క అక్షరమా.
నేను లేచి తాళంచేతులు తీసిన.

గోదాము గోడకు నేనే డ్రిల్లు పెట్టిన.
పొద్దు పొడిసేవరకు
దాని కిందికెల్లి చెప్పులు బారు కట్టినయి,
నడుమ నడుమ పాసుబుక్కు మీద రాయి,
ఒక టిఫిను డబ్బా, ఒక ఇటుక పెడ్డ,
మనుషులంత షెడ్డు కింద,
వాన చెప్పుల మీద.

ఎల్లవ్వ అని ఒకామె మెడ ఎత్తి చూసింది.
"సున్నకు తోకెందుకు పెట్టిన్రు బిడ్డా?"
"సున్న కాదవ్వా, క్యూ."
"అగో! తెలుగేనా!"
అని ఎడమకాలి చెప్పు అరవయ్యొకటోది ఇడిసి
కుడికాలి చెప్పుతోని చాయకు పోయింది.

రాత్రి దుకాణం మూసేటప్పుడు
సేటు తాళంచేతి కోసం గోడ తడిమిండు.
దుమ్ముల తెల్లటి గుండ్రం,
తోకతో సహా.