నిద్రల లెక్క

టికెట్టు మీద ఉంటుంది:
రెజొల్యూట్ నుంచి గ్రీస్ ఫియోర్డ్
మూడువందల ఎనభై చిల్లర కిలోమీటర్లు,
గంటన్నర.
మా మాటల్లో అయితే
తెల్లవారని చోటు నుంచి
కరగని చోటికి.

నత్సియాపిక్ అవ్వ ఈ గంటన్నరను నమ్మదు.
ఆమె లెక్క నిద్రల్లో.
చిన్నప్పుడు నాన్న కుక్కబండి మీద
తొమ్మిది నిద్రలు పట్టిందట.
పదో రాత్రి కూడా ఉంది గానీ
గుడారం చుట్టూ ఎలుగుబంటి తిరిగితే
ఎవరూ కన్ను మూయలేదు,
అందుకని అది దూరంలోకి రాదట.

కంటికి ఆపరేషనై దక్షిణం నుంచి తిరిగొస్తూ
రెజొల్యూట్‌లో చిక్కుకుపోయింది.
చుట్టాలింట్లో కిటికీ పక్కన కూచుని
కొత్త కంటితో మంచును చూస్తోందట.
"ఇన్నేళ్ళూ ఇది పసుపు రంగనుకున్నానే!"

నా పని ఇక్కడ.
గంటగంటకీ గదిలోంచి బయటికొచ్చి
కొండను చూడటం.
రన్‌వే అంటే చారెడు కంకర,
ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ,
నడుమ ఎవరి మాటా వినని గాలి.
మబ్బు కొండ నడుముదాకా దిగిందా,
మెడ దగ్గరే ఆగిందా,
గాలిసంచీ ఎటు తన్నుకుంటోంది,
రేడియోలో చెప్పాలి.
అక్కడ పైలట్ వింటాడు.
విని, కాఫీ ఇంకో కప్పు పోసుకుంటాడు.

ఐదు రోజులుగా
మా అవ్వను రానివ్వనిది నేనే.

అక్టోబరు. పగలు
రోజుకింత చొప్పున పొట్టిదవుతోంది.
ఆరో రోజు మబ్బు కాస్త లేచింది.
ఇంకో వంద అడుగులు లేస్తే చాలు.
వంద అడుగులు.
ఒక్క మాట.
నిచ్చెన వేసి కొలిచేదెవరు?

మంచు తోసే ట్రాక్టర్ ఆపి
కవవావ్ నా ముఖం చూశాడు.
చూడనట్టు తల తిప్పుకుని
చేతి తొడుగు విప్పాడు, మళ్ళీ తొడిగాడు.

మైకు మీట నొక్కాను.
మూడువందల ఎనభై కిలోమీటర్లూ
చిల్లరతో సహా
నాలుక మీదికొచ్చి కూచున్నాయి.
ఉన్నదే చెప్పాను.

సాయంత్రం అవ్వే ఫోన్ చేసింది.
"ఏమంది కొండ?"
"రావొద్దంది."
"కొండా, నువ్వా?"
లైనులో కాసేపు గర్ గర్ మనే చప్పుడు.
"సరేలే. ఇక్కడ సీల్ మాంసం బాగుంది,
ఇంకో నిద్ర చేస్తాను.
ఎన్నోదో నువ్వే రాసిపెట్టు.
పగలూ కునుకు తీస్తున్నానా,
నాకు లెక్క తప్పుతోంది."

వాతావరణం పుస్తకంలో
గాలివేగం గడి పక్కన
పెన్సిల్‌తో ఆరు అని రాశాను.

ఇంటికొచ్చి పడుకున్నాను.
తెల్లవార్లూ ఇంటి రేకు మీద
గాలి గోళ్ళతో గీరుతూనే ఉంది.
కన్ను మూతపడలేదు.

నావైపు నుంచి
ఈ రాత్రి దూరంలోకి రాదు.