కుట్టులో దాచిన బట్ట

నలభై ఏండ్ల సంది
శివనగర్ అండర్‌బ్రిడ్జి పక్క గల్లీల
మంది నడుముల చుట్టూ టేపు తిప్పిన.
ఎవని పొట్ట ఏ ఏడు ఎన్ని ఇంచులు పెరిగిందో
నా కొలతల బుక్కు చెప్తది.
ముప్పైతో పెండ్లి ప్యాంటు కుట్టించుకున్న ఖలీల్ సార్
రిటైర్మెంటు సఫారీకి నలభైతో వచ్చిండు.
"ఊపిరి బిగవట్టకు సార్" అంటే
"బిగవట్టలే ఓదెలూ, గింతే" అని
గోడ మీది క్యాలెండర్ దిక్కు చూసిండు.

నా నడుము నేనెన్నడు కొలుసుకోలే.
లుంగీకి కొలతెందుకు?

యాభై ఆరు నిండినంక
మిషిని తొక్కే కాలు తిమ్మిరెక్కి
ఎంజీఎంకు పోతే
డాక్టరమ్మ, నా చిన్నబిడ్డ ఈడు పిల్ల,
నా మెడల ఏలాడే టేపు గుంజి
నాకే చుట్టింది.
"నలభై మూడు.
మనిషి ఎత్తుల సగముండాలె నడుము, తాతా."
తాత అన్నందుకు కాదు.
ముప్పై నుంచి ముప్పయ్యారు దాక
అంకెలన్నీ నా గోర్లకే అరిగినయి,
నలభై మూడు మాత్రం
కొన్ననాటి లెక్క నల్లగ మెరుస్తున్నది.
అందుకు సిగ్గయింది.

ఇంటికొచ్చి చెప్తే సరోజన ఏమనలే.
మాపటికి బియ్యం పోసేటప్పుడు
సోల మీది కుప్పను అరచేత్తో చదును చేసింది.
తెల్లారి సోలకు రెండేళ్లు కిందికి.
తొమ్మిదో నాడు పట్టుకున్న నేను.
"నీ కత్తెరొక్కటే కోస్తదా?" అన్నది.
అన్నం ఇడిసిన జాగల
పుంటికూర వచ్చి కూసున్నది,
ఉడికిన పెసర్లు, బీరపొట్టు తొక్కు,
పొయ్యి మీద పొంగిన ఒక్క జొన్నరొట్టె.
చక్కెర లేని చాయ్
మొదటి వారం గోరెచ్చటి అవమానం.
తర్వాత తర్వాత
ఆకు వాసన తెలిసింది.

పొద్దుగాల మొగిలి తోడొస్తడు మట్టికోట కట్ట మీదికి.
ఎనుమాముల మార్కెట్ల ముప్పై ఏండ్లు
మిర్చి బస్తాలు మోసిన హమాలీ.
"నాకు వాకింగేందిరా,
నేను నడిచిందంత పరిస్తే ఢిల్లీ దాక రోడ్డయితది" అంటడు.
అని, మిరపఘాటు ఇంకా దిగని గొంతుతోని దగ్గుతడు.
వాని నడుము ఇరవై ఎనిమిది. బొక్కలే ఎక్కువ.
కూసుండి పాడైనోణ్ని నేను,
మోసి పాడైనోడు వాడు.
మొదటి రోజు సగం కట్టకే
ఇద్దరం రాయి మీద కూలవడ్డం.
ఇప్పుడు దర్వాజ దాటి ఇంకో దర్వాజ దాక పోతం.
డబ్బల తెచ్చిన రెండు గుడ్లల్ల
పచ్చసొనలు రెండూ వానికే.
నాది తగ్గాలె, వానిది పెరగాలె,
ఒక్క టేపే ఇద్దరికి.

నలభై మూడు నలభై ఒకటయింది.
బతుకమ్మ సద్దులకు, దసరా యాటకు
మళ్ల నలభై రెండు.
అబద్ధం చెప్పను,
టేపు ముంగట అసలే చెప్పను.

ప్రతి ప్యాంటుకు ఎనుక కుట్టుల
రెండించుల బట్ట దాచుత నేను.
రేపు లావైతే ఇప్పుకోను.
ఇన్నేండ్లల్ల అందరు ఇప్పమన్నోళ్లే.
నిన్న ఖలీల్ సార్ వచ్చిండు.
బెల్టుకు కొత్త బొక్క, చేతిల సఫారీ ప్యాంటు.
"బిగియ్యాలె ఓదెలూ."
ముప్పై మూడు.
నడిచి తగ్గిండో, లోపల ఏదన్న నలిగి తగ్గిండో
ముఖం చూస్తే అడగబుద్ధి కాలే.
"పొద్దుగాల ఐదున్నరకు కోట కాడికి రా సార్,
మెల్లగనే నడుస్తం" అన్న.

రాత్రి మిషిని మీద
మిగులు బట్టను లోపటికి మడిచి కుట్టిన.
కత్తెర పెట్టలే.
ఉండనియ్యి,
మళ్ల పూరొచ్చు మనిషి.